ఊరి రాయిని పిల్లలకు అప్పగించండి: ఫోన్లతో వీరగల్లు, శాసనం రికార్డు చేయించే పద్ధతి

మీరు అడిగింది ఇది. కడప జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, ఎనిమిది, తొమ్మిది తరగతులు కలిపి 30 మంది పిల్లలు. స్మార్ట్ బోర్డు మీద గుళ్ల వీడియోలు చూపించారు, క్విజ్ పెట్టారు. ప్రాజెక్టు ఇస్తే నెట్‌లోంచి దించి అతికించుకొచ్చారు. ఊళ్లో చెరువు గట్టు మీద బొమ్మలు చెక్కిన రాళ్లు రెండు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపే వీరగల్లులు), గుడి ముందు అక్షరాల బండ (శాసనం) ఒకటి ఉన్నాయి. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ ఉంది, టీచర్లవీ తల్లిదండ్రులవీ కలిపి ఐదారు ఫోన్లు దొరుకుతాయి. వీటితో ఏమైనా చేయించగలమా అన్నది ప్రశ్న.

తప్పకుండా చేయించవచ్చు. వీడియోలు ఎందుకు పని చేయలేదో ముందు చూద్దాం. వీడియోలో అంతా అయిపోయి ఉంటుంది. చూసేవాడికి చేయడానికి ఏ పనీ మిగలదు. రామప్ప గుడికి ఇప్పటికే లెక్కలేనన్ని ఫోటోలున్నాయి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఇంకా పెరిగాయి. మీ పిల్లవాడు ఇంకొకటి తీసినా లోకానికి కొత్తగా చేరేదేమీ లేదు, ఆ సంగతి వాడికీ తెలుసు. మీ చెరువు గట్టు రాయికి బహుశా ఇంతవరకు వివరం కనిపించే ఫోటో ఒక్కటి కూడా ఉండదు. అలాంటి రాయిని ఒకదాన్ని ఎంచుకుని, దాని పూర్తి రికార్డు పిల్లలకు అప్పగించండి. తాము చేయకపోతే ఇంకెవరూ చేయరన్న సంగతి అర్థమైతే తొమ్మిదో తరగతి పిల్లలు పెద్దవాళ్ల కంటే శ్రద్ధగా చేస్తారు. మూడు రాళ్లూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క రాయి, ఆరు శనివారాలు, వారానికి రెండు గంటలు.

ఐదుగురు చొప్పున ఆరు జట్లు చేయండి. జట్టులో ఒకరికి కెమెరా, ఒకరికి వెలుతురు, ఒకరికి కొలతలు, ఒకరికి రాత, ఒకరికి పెద్దవాళ్లతో మాట్లాడే పని. ప్రతి వారం పనులు మార్చండి. ఇది చిన్న విషయం కాదు. మార్చకపోతే ఫోన్ తెచ్చిన పిల్లవాడే చివరిదాకా ఫోటోలు తీస్తాడు, ఆడపిల్లలు ఆరు వారాలూ నోటుబుక్కు పట్టుకుని నిలబడతారు.

రాయి దగ్గరికి వెళ్లే ముందు

మొదటి వారం బడిలోనే గడవాలి. ఆ రాయి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉందా, రాష్ట్ర శాఖ రక్షణలో ఉందా, ఏదీ కాదా అన్నది తెలుసుకోండి. రక్షిత కట్టడమైతే నీలం బోర్డు ఉంటుంది. అక్కడ చేతిలో ఫోన్‌తో ఫోటో తీసుకోవడం వేరు, ట్రైపాడ్, డ్రోన్ వాడటం వేరు. వాటికి ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రక్షణలో లేని రాయి అయినా గుడి ఆవరణలో ఉంటే పూజారికి, ధర్మకర్తలకు, చెరువు గట్టయితే సర్పంచికి చెప్పి వెళ్లండి. రాళ్ల దగ్గర పిల్లల గుంపు కనిపిస్తే గుప్తనిధుల కోసమేమోనని ఊళ్లో అనుమానం పుడుతుంది. ఒక మాట ముందే చెబితే ఆ తలనొప్పి ఉండదు.

అక్షరాల బండ విషయంలో ఇంకో పని ఉంది. దాన్ని ఎవరైనా ఇప్పటికే చదివి అచ్చు వేశారేమో చూడాలి. పురావస్తు శాఖ వారి శాసన వార్షిక నివేదికలు 1887 నుంచి ఉన్నాయి. గ్రామం పేరు, తాలూకా పేరు పట్టుకుని వాటిలో వెతకవచ్చు. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదోది పూర్తిగా మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు శాసనాలకే కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ శాసనాల జిల్లా సంపుటాల్లో మీ కడపకూ ఉంది. వెతికేటప్పుడు ఇప్పటి మండలం పేరు పెడితే దొరకదు. మండలాలు వచ్చింది 1985లో, పుస్తకాలు అంతకుముందువి. పాత తాలూకా పేరుతోనే వెతకాలి. ఇంగ్లీషులో ఊరి పేరును ఇప్పుడు మనం రాసినట్టు రాయరు, అందుకని రెండు మూడు స్పెల్లింగులు ప్రయత్నించమనండి. ఈ వెతుకులాటే పిల్లలకు ఒక మంచి డిజిటల్ పాఠం.

కైఫీయత్తులు కూడా చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు 19వ శతాబ్ది తొలి ఏళ్లలో ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించారు. కడప జిల్లా కైఫీయత్తుల్ని కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి కైఫీయత్తు దొరికితే క్లాసులో గట్టిగా చదివించండి. ఊరి పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఏట కరువొచ్చింది అని అందులో ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట ఎవరో మన ఊరొచ్చి ఇదే పని చేశారని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు మారతాయి.

రాయికి ఏమీ పూయకూడదు

ఈ ఒక్క నియమం మీద ఏ మినహాయింపూ ఇవ్వకండి. అక్షరాలు కనబడటం లేదని సుద్దముక్కతో గీతల వెంట దిద్దడం మన దగ్గర పాత అలవాటు. ముగ్గుపిండి చల్లుతారు, నూనె రాస్తారు, ఇనుప బ్రష్షుతో రుద్దుతారు. సుద్దతో దిద్దినప్పుడు రాయికి జరిగే నష్టం కంటే చదువుకు జరిగే నష్టం ఎక్కువ. దిద్దినవాడు ఒక గీతను తప్పుగా ఊహించి దిద్దితే, ఆ తర్వాత తీసిన ప్రతి ఫోటోలోనూ రాతిలోని అక్షరం కాక వాడి ఊహే కనిపిస్తుంది. కడప ప్రాంతపు బండలు చాలావరకు సున్నపురాళ్లు. యాసిడ్ మాట అటుంచండి, నిమ్మకాయ, చింతపండు పెట్టి తోమినా పులుపుకు రాయి పైపొర కరుగుతుంది. దుమ్ము, ఎండుటాకులు ఉంటే మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో పొడిగా తుడవండి, అంతే. పసుపు కుంకుమలు, సున్నం పూతలు ఉంటే అలాగే ఉంచండి. అవి పూజలో భాగం, తీసేసే హక్కు మనకు లేదు. ఎలా ఉందో అలాగే రికార్డు చేసి, పూత ఉందని రాయండి.

తడి కాగితం పరిచి సిరాతో అచ్చు తీసే పద్ధతి శిక్షణ పొందిన శాసన పరిశోధకులది. పిల్లల చేత చేయించకండి. సిరా కారితే రాతిలోకి దిగుతుంది.

వెలుతురే అసలు పనిముట్టు

ఫోన్ ఎంత ఖరీదైనదైనా మధ్యాహ్నం పన్నెండింటికి తీస్తే శాసనం బోసి బండలా కనిపిస్తుంది. చెక్కిన గాడిలో నీడ పడితేనే అక్షరం తేలుతుంది. నీడ పడాలంటే వెలుతురు రాతి ముఖాన్ని ఒరుసుకుంటూ, దాదాపు పదీ పదిహేను డిగ్రీల వాలులో, పక్క నుంచి రావాలి. రాత్రిపూట టార్చితో ఇది బాగా కుదురుతుంది గానీ బడిపిల్లల్ని చీకటిపడ్డాక చెరువు గట్టుకు తీసుకెళ్లడం వద్దు. పగలే చేసే పద్ధతి ఉంది, అందుకు కావలసింది ఒక అద్దం.

రాతి ముఖం నీడలో ఉండే వేళ చూసుకోండి. తూర్పు ముఖం రాయి అయితే మధ్యాహ్నం తర్వాత. నీడ చాలకపోతే ఇద్దరు పిల్లలు దుప్పటి అడ్డం పట్టుకోవచ్చు. అడుగు, అడుగున్నర అద్దం పట్టుకుని ఒకరు రాతికి పక్కగా మూడు నాలుగు మీటర్ల దూరంలో ఎండలో నిలబడాలి. అద్దంలోని ఎండను రాతి మీదికి మళ్లిస్తూ, వాలు తగ్గించుకుంటూ రావాలి. ఒక కోణం దగ్గర, అంతదాకా ఏమీ లేని బండ మీద అక్షరాల వరసలు పైకి లేస్తాయి. అద్దం అరంగుళం తిప్పితే మళ్లీ మాయమవుతాయి. పాఠం మొత్తంలో పిల్లలు మరచిపోని క్షణం ఇదే, కాబట్టి ప్రతి ఒక్కరికీ అద్దం పట్టే వంతు రావాలి. ఎవరి కళ్లలోకీ వెలుగు కొట్టకూడదని ముందే గట్టిగా చెప్పండి.

ఒకే వైపు వెలుతురుతో సరిపెట్టుకోకండి. వెలుతురు ఏ దిశలో వస్తుందో ఆ దిశలోనే ఉన్న గీతకు నీడ పడదు. పాత తెలుగు–కన్నడ లిపిలో ప, వ రెంటికీ పోలిక ఎక్కువ. పకు తల తెరిచి ఉంటుంది, వకు మూసి ఉంటుంది. మూసే గీత అడ్డగీత. వెలుతురు పక్క నుంచి మాత్రమే వస్తే ఆ అడ్డగీత కనబడదు, వ కాస్తా ప అవుతుంది. పై నుంచి మాత్రమే వస్తే నిలువు గీతలు పోతాయి. అందుకని ఫోన్‌ను ట్రైపాడ్ మీదో, ఇటుకల మీదో కదలకుండా నిలిపి, గడియారం ముల్లు తిరిగినట్టు ఎనిమిది దిక్కుల నుంచి వెలుతురు వేసి ఎనిమిది ఫోటోలు తీయించండి. అద్దంతో కింది దిక్కులు కుదరకపోతే దుప్పటి చీకటిలో టార్చి వాడండి. వేలితో బటన్ నొక్కితే ఫోన్ కదులుతుంది. రెండు సెకన్ల టైమర్ పెట్టండి. ఫ్రేములో రాయి తప్ప ఆకాశం ఉండకూడదు, ఉంటే ఫోన్ ఆకాశానికి సర్దుకుని రాయిని నల్లగా చేస్తుంది. తెర మీద రాతిని నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేయండి. ఫ్లాష్ ఆపండి, బ్యూటీ, ఏఐ మెరుగుదలలన్నీ ఆపండి. అవి గరుకును నున్న చేస్తాయి, మనకు కావలసిందే గరుకు.

ప్రతి ఫోటోలో 30 సెంటీమీటర్ల స్కేలు రాతి ముఖానికి సమానమైన లోతులో, రాతికి ఆనకుండా ఉండాలి. రాయి కంటే ముందుకు పెడితే స్కేలు పెద్దగా కనిపించి, రాయి కొలత చిన్నగా వస్తుంది. పెద్ద బండ అయితే మొత్తానికి ఒక వరస తీసి, తర్వాత నాలుగైదు పంక్తుల చొప్పున ముక్కలుగా తీయండి. పక్కపక్క ముక్కలు ఒక పంక్తి మేర కలవాలి, లేకపోతే చదివేటప్పుడు ఏ పంక్తి ఎక్కడిదో తెలియక తికమక పడతారు.

బొమ్మల రాతికి త్రీడీ

చాలా ఫోటోలు కలిపి రాతి త్రీడీ మోడల్ చేసే ఈ దశలో చాలామంది పొరబడతారు. చదవడానికి వాడిన ఏటవాలు వెలుతురే త్రీడీకి కూడా వాడతారు. త్రీడీకి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. అన్నివైపులా సమంగా పరుచుకున్న మందమైన వెలుతురు కావాలి, అంటే మబ్బు పట్టిన రోజు, లేదా రాయి మొత్తం నీడలో ఉన్న పొద్దుటి వేళ. సాఫ్ట్‌వేర్ ఒక ఫోటోలోని మచ్చను మరో ఫోటోలోని అదే మచ్చతో జతకలిపి లోతు లెక్కిస్తుంది. ఫోటోల మధ్య నీడలు కదిలితే ఆ జతలు తప్పుతాయి, రాతి మీద లేని గుంటలు పుడతాయి.

నాలుగైదు అడుగుల వీరగల్లుకు 80 నుంచి 100 ఫోటోలు చాలు. మోకాలి ఎత్తులో ఒక చుట్టు, ఛాతీ ఎత్తులో ఒక చుట్టు, చేతులెత్తి పై నుంచి కిందికి చూస్తూ ఒక చుట్టు. ఒక్కో అడుగుకు ఒక్కో ఫోటో. ఒక ఫోటోలో కనిపించిన దానిలో మూడింట రెండు వంతులకు పైగా తర్వాతి ఫోటోలో కూడా కనిపించాలి. ఒకే చోట నిలబడి ఫోన్ అటూ ఇటూ తిప్పితే లాభం లేదు, మనిషి కదలాలి. జూమ్ వాడకూడదు, మధ్యలో లెన్సు మార్చకూడదు. నూనె పూసి మెరిసే చోట, కొత్తగా తెల్ల సున్నం కొట్టిన చోట మోడల్ చితికిపోతుంది. మెరుపు చూసే కోణాన్ని బట్టి కదులుతుంది, తెల్లటి నున్నటి చోట జతకలపడానికి మచ్చలే ఉండవు. గోడకు ఆనించిన రాతికి వెనక భాగం రాదు. రాకపోయినా ఫరవాలేదు, రాయిని మాత్రం కదిలించకండి.

తయారు చేయడానికి రెండు దారులు. కిరి ఇంజిన్, రియాలిటీస్కాన్ లాంటి ఫోన్ యాప్‌లు ఫోటోల్ని తమ సర్వర్‌కు పంపి మోడల్ తిరిగి ఇస్తాయి. ఫోటో 4 ఎంబీ అనుకుంటే 100 ఫోటోలకు 400 ఎంబీ డేటా పోతుంది, కాబట్టి అప్‌లోడ్ చెరువు గట్టు మీద కాకుండా బడిలో వైఫై దగ్గర పెట్టుకోండి. రెండో దారి మెష్‌రూమ్. ఉచితం, ఫోటోలు మీ దగ్గరే ఉంటాయి. కానీ పూర్తి మోడల్ రావాలంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కావాలి. స్కూల్ ల్యాబుల్లో అది సాధారణంగా ఉండదు. లేకపోతే యాప్‌తోనే కానివ్వండి. ఏ దారిలో చేసినా అసలు ఫోటోలు పారేయకండి. యాప్‌లు వస్తాయి పోతాయి, ఫోటోలుంటే పదేళ్ల తర్వాతైనా ఇంకా మంచి మోడల్ చేయవచ్చు.

ఫోటోలు వాట్సాప్‌లో పంపించుకోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. మామూలుగా పంపితే సైజు కుంచించుకుపోతుంది, తీసిన తేదీ, లెన్సు వివరాలు పోతాయి, త్రీడీ సాఫ్ట్‌వేర్‌కు ఆ వివరాలే ఆధారం. కేబుల్‌తో దించుకోండి, వీలుకాకపోతే డాక్యుమెంటుగా పంపమనండి. అదే రోజు పేర్లు మార్చాలి: ఊరు, రాయి నంబరు, ముఖం, వెలుతురు దిక్కు, వరుస సంఖ్య. వారం ఆగితే ఏది ఏ రాయో తీసినవాళ్లకే గుర్తుండదు. ఒక కాపీ ల్యాబ్ కంప్యూటర్‌లో, ఒకటి వేరే హార్డ్ డిస్కులో, ఒకటి డ్రైవ్‌లో ఉంచండి.

చూడటం, చదవడం

బొమ్మల రాతికి రెండు కాగితాలు ఇవ్వండి. మొదటి దానిలో కంటికి కనిపించిందే రాయాలి: పై అంచున గుండ్రం ఒకటి, నెలవంక ఒకటి. కింద మనిషి, కుడిచేతిలో పొడవాటిది, ఎడమచేతిలో గుండ్రటిది. కాళ్ల దగ్గర నాలుగు కాళ్ల జంతువులు మూడు. రెండో కాగితం వారం తర్వాతే ఇవ్వాలి. అందులో ఏమై ఉంటుందో రాస్తారు: సూర్యచంద్రులు, ఆచంద్రార్కం ఈ పేరు నిలవాలని. కత్తి, డాలు. ఆవులమందను కాపాడుతూ చనిపోయిన వీరుడు కావచ్చు. పై వరసలో ఇద్దరు స్త్రీల మధ్య మనిషి ఉంటే అప్సరసలు వీరస్వర్గానికి తీసుకుపోతున్నట్టు. రెండూ ఒకేసారి ఇస్తే మొదటి నిమిషంలోనే ఎవరో 'కృష్ణదేవరాయలు సార్' అంటారు, ఆ తర్వాత ఎవరికీ ఇంకేమీ కనబడదు.

అక్షరాల బండను పిల్లలు మొత్తం చదివేస్తారని ఆశపెట్టుకోకండి, వాళ్లకు ఆ ఆశ కల్పించకండి. విజయనగర కాలం నాటి శాసనంలో చాలా అక్షరాలు ఇప్పటి వాటికి దగ్గరగానే ఉంటాయి, స్వస్తిశ్రీ, శక వర్షంబులు, సంవత్సర, శుద్ధ లాంటి మాటలు పట్టుకోగలరు. అంతకు ముందువి నిపుణులకే వదలాలి. పంక్తికి పంక్తి రాయించండి, అనుమానం ఉన్న అక్షరాన్ని చదరపు బ్రాకెట్లలో, పోయిన అక్షరానికి చుక్కలు. అర్థం కావడం లేదని సొంతంగా నింపడం తప్పు అని ముందే చెప్పాలి.

తేదీ మాత్రం వాళ్లే కట్టగలరు, లెక్కల మాస్టారిని కలుపుకోండి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం, పుష్య బహుళం నుంచి ఫాల్గుణం వరకు చాలావరకు 79. తర్వాత సరిచూడటం: శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి, శేషమే ప్రభవ నుంచి వరస సంఖ్య, శేషం సున్నా అయితే అక్షయ. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం రుద్రమదేవి మరణాన్ని చెబుతుంది. అందులో శకం 1211, విరోధి సంవత్సరం. 1211కి 78 కలిపితే 1289. 1211కి 12 కలిపితే 1223, 60తో భాగిస్తే శేషం 23, ఇరవై మూడోది విరోధి. సరిపోయింది. మీ బండ మీద లెక్క సరిపోకపోతే అంకె చదవడంలో పొరపాటు ఉండవచ్చు, మళ్లీ అద్దం తీసుకుని వెళ్లాలి. ఒక్కోసారి చెక్కించినవాళ్లే గత సంవత్సరాలు లెక్కపెట్టారా, నడుస్తున్నదా అన్నదాన్ని బట్టి ఒకటి తేడా వస్తుంది. అంకెలు మాటల్లో ఉంటే చంద్ర అంటే 1, నేత్ర 2, వేద 4, బాణ 5, వసు 8. కుడి నుంచి ఎడమకు పేర్చాలి.

టైపు చేసేటప్పుడు ఇంకో చిక్కు. ఱ అన్ని కీబోర్డుల్లోనూ దొరుకుతుంది. ప్రాచీన శాసనాల్లోని ఴ 2014లో యూనికోడ్‌లో (కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలో) చేరింది, పాత నకారపొల్లు ('న్'కు పాత రూపం) 2021లో చేరింది. చాలా ఫోన్లలో ఇవి డబ్బాల్లా కనిపిస్తాయి. డబ్బా కనిపించిందని ళనో, మరొకటో పెట్టి ఊరుకోవద్దు. పెట్టాల్సి వస్తే ఏ అక్షరానికి ఏది పెట్టారో కింద ఒక వాక్యం రాయాలి.

మీ జిల్లాలోనే ఎర్రగుంట్ల మండలం కలమళ్ల ఉంది. సుమారు 575 నాటి రేనాటి చోళ రాజు ధనంజయుడి శాసనం, పూర్తి తెలుగులో మనకు తెలిసిన వాటిలో మొదటిదిగా పేరున్నది, ఆ ఊరిదే. 'రేనాణ్డు ఏళన్' అన్న రెండు మాటలు బోర్డు మీద రాయండి. రేనాడును (కడప ప్రాంతానికి పాత పేరు) ఏలుతుండగా అని అర్థం. 1400 ఏళ్ల కిందటి వాక్యంలో 'ఏలు' అన్న మాటను తామే గుర్తుపట్టారంటే వ్యాకరణం పీరియడ్‌కు కొత్త ఊపిరి వస్తుంది.

పెద్దవాళ్ల మాట

రాతి గురించి ఊరి పెద్దలు చెప్పేది వీడియో కంటే ఆడియోగా తీయడం మేలు. కెమెరా చూస్తే మనుషులు బిగుసుకుపోతారు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, నోటికి మూరెడు దూరంలో గుడ్డ మడత మీద ఉంచండి. రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, చెప్పేవారు ఒప్పుకున్న మాట వాళ్ల గొంతుతోనే ఉండాలి. ప్రశ్నలు ముందే బడిలో అభ్యాసం చేయించండి. 'అవ్వా, ఇది వీరగల్లే కదా?' అని అడిగితే 'అవును నాయనా' అంటుంది, అక్కడితో అయిపోయింది. 'ఈ రాయిని మీరేమంటారు అవ్వా? చిన్నప్పుడు దీని దగ్గర ఏం చేసేవాళ్లు? ఎవరిళ్లవాళ్లు మొక్కుతారు?' అని అడిగి ఊరుకోవాలి. ఆమె ఆగినప్పుడు పిల్లలు వెంటనే ఇంకో ప్రశ్న వేయకుండా పది అంకెలు లెక్కపెట్టమనండి. మంచి సంగతులు ఆ మౌనం తర్వాతే వస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. చాలా వీరగల్లులకు ఏదో ఒక ఇంటివాళ్లో, కులంవాళ్లో మొక్కుతారు, 'మా మూలపురుషుడు' అంటారు. పక్కవీధివాళ్లు ఇంకో కథ చెబుతారు. పిల్లలు దీనికి తీర్పు చెప్పకూడదు. ఫలానా వీధివాళ్లు ఇలా చెబుతారు, ఫలానావాళ్లు ఇలా చెబుతారు అని రెండూ రాయాలి. శాసనంలో ఇంకేదో ఉంటే దాన్ని మూడోదిగా రాయాలి. ఇది పాటించకపోతే ప్రాజెక్టు రచ్చబండ గొడవగా మారుతుంది.

ఎక్కడ పెట్టాలి, ఏది పెట్టకూడదు

మంచి ఫోటోలకు వికీమీడియా కామన్స్ (వికీపీడియా ఫోటోలు దాచే ఉచిత భాండారం) సరైన చోటు. రాయి పాతది, కాపీహక్కు లేదు. ఫోటోకు మాత్రం తీసినవాళ్లకు హక్కు ఉంటుంది, కాబట్టి తీసిన పిల్లలే తమ ఖాతాతో ఎక్కించాలి. బడి అంతటికీ ఒకే ఖాతా పెట్టవద్దు. ఖాతాకు సొంత పేరు, బడి పేరు పెట్టవద్దు. సీసీ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు ఇస్తే ఎవరైనా, వ్యాపారానికి సైతం, పేరు చెప్పి వాడుకోవచ్చు, ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. ఇది తల్లిదండ్రులకు ముందే చెప్పి సంతకం తీసుకోండి. గుడి గోడ మీద ఈ మధ్య ఎవరో వేసిన రంగుల చిత్రాన్ని ఎక్కించకూడదు. బహిరంగంగా ఉన్న శిల్పానికి, కట్టడానికి మన కాపీహక్కు చట్టం ఇచ్చిన వెసులుబాటు గోడ మీది చిత్రాలకు లేదు. కామన్స్ ఎంపీ4 వీడియో తీసుకోదు, వెబ్‌ఎంకు మార్చాలి. ఆడియో ఫ్లాక్‌గానో, ఓగ్‌గానో ఇవ్వండి. త్రీడీ మోడల్ ఎస్‌టీఎల్ రూపంలో ఎక్కుతుంది గానీ దానిలో రంగులుండవు.

తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసం బహుశా ఇప్పటికే ఉంటుంది. ఫోటో, దాని కింద ఒక వాక్యం చేర్చవచ్చు. పిల్లలు తామే చదివిన శాసన పాఠం, అవ్వ చెప్పిన కథ అక్కడ పెడితే తీసేస్తారు, తీసేయడం సబబే. అచ్చైన ఆధారం ఉన్నదే వికీపీడియాలో ఉండాలి. పిల్లల సొంత పరిశీలనలకు బడి తరఫున ఒక పీడీఎఫ్ చేసి, ఒక ప్రతి జిల్లా పురావస్తు కార్యాలయానికి పంపండి.

పెట్టకూడనిది ముఖ్యంగా ఒకటి: పాడుబడ్డ గుళ్లో ఊడి పడున్న చిన్న విగ్రహాల ఫోటోలు, వాటి చోటు. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోన్ తీసే ప్రతి ఫోటోలో జీపీఎస్ దాగి ఉంటుంది. దొంగకు అది ఇంటి చిరునామా ఇచ్చినట్టే. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపి, స్థల వివరాలు నోటుబుక్కులో రాయించండి. బహిరంగంగా నాటి ఉన్న పెద్ద రాళ్లకు ఊరి పేరు చెప్పవచ్చు. పని చేస్తుండగా నాణెం, రాగి రేకు లాంటిది బయటపడితే ముట్టుకోకుండా తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలపాలి. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, దాచుకుంటే నేరం. పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు కూడా బయట పెట్టవద్దు.

ఆరో శనివారం ఫలితాన్ని ఊరికి చూపించండి. క్యూఆర్ కోడ్ చేస్తే దాన్ని రాతి మీద అతికించకండి, బడి గోడ మీదో పంచాయతీ బోర్డు మీదో పెట్టండి. ఎనిమిది ఫోటోల్ని ఒకదాని తర్వాత ఒకటి తెర మీద తిప్పితే చాలు, నలభై ఏళ్లుగా ఆ బండ మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నవాళ్లు లేచి తెర దగ్గరికి వస్తారు.

మార్కులు ఇవ్వాలంటే ఫోటో అందానికి ఇవ్వకండి. వేరే జట్టు ఆ ఫైళ్లు, ఆ నోటుబుక్కు మాత్రమే చూసి, రాయి దగ్గరికి వెళ్లకుండా దాని ఎత్తు, వెడల్పు, పంక్తుల సంఖ్య, బొమ్మల వరస చెప్పగలగాలి. చెప్పలేకపోయిన చోటల్లా రికార్డులో లోపం ఉన్నట్టు.

చివరగా, రాతికి ఎదురుగా ఫోన్ నిలిపిన చోటును కొలిచి రాసి పెట్టండి: రాతి అడుగు నుంచి ఎన్ని మీటర్లు, నేల నుంచి ఎంత ఎత్తు, ఏ దిక్కు, ఏ నెల, ఎన్ని గంటలకు. వచ్చే ఏడు అదే నెలలో కొత్త తొమ్మిదో తరగతి అక్కడే నిలబడి అదే ఫోటో తీయాలి. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ పెచ్చు ఊడింది, ఎక్కడ కొత్త సున్నం పడింది, రాయి ఎంత ఒరిగింది తెలుస్తుంది. ఒరిగితే పంచాయతీకి ఇవ్వాల్సిన అర్జీకి ఆ రెండు ఫోటోలే ఆధారం.